మోర్మన్ల నమ్మకాలు, వాళ్లు వాడే మాటలు: తిరుపతి, చిత్తూరు క్రైస్తవ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మన పిల్లలు చదువుకో ఉద్యోగానికో బెంగళూరు, హైదరాబాద్ వెళ్తారు. అక్కడ తెల్ల చొక్కా, టై వేసుకుని జేబు దగ్గర నల్ల బ్యాడ్జి పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు పరిచయమవుతారు. చాలా మర్యాదగా మాట్లాడతారు, కుటుంబం గురించి అడుగుతారు, ఒక పుస్తకం ఇస్తారు. పండక్కి ఇంటికొచ్చిన పిల్లలు ఆ పుస్తకం బ్యాగులోంచి తీస్తే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. బైబిల్ క్లాసులో, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో నన్ను అడిగిన ప్రశ్నలే ఇవి. నేను నైసియా విశ్వాస ప్రమాణాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడని ఒప్పుకునే పాత విశ్వాస ప్రకటన) నమ్మే క్రైస్తవుడిని, ఆ నమ్మకంతోనే జవాబులు రాస్తున్నాను. అయినా మోర్మన్లు తాము నమ్మని దాన్ని నమ్ముతారని రాస్తే అది అబద్ధ సాక్ష్యం అవుతుంది కాబట్టి, వాళ్లు చదివినా "అవును, మేం చెప్పేది ఇదే" అనేలా రాయడానికి ప్రయత్నించాను.

మోర్మన్లు అంటే ఎవరు? ఆ పేరుతో పిలవచ్చా?

వాళ్ల సంఘం పూర్తి పేరు కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం. 1830 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు దాన్ని స్థాపించాడు. 1844లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని కార్తేజ్ జైల్లో ఉండగా ఒక గుంపు దాడి చేసి అతన్నీ అతని అన్న హైరమ్‌నీ చంపేసింది. తర్వాత బ్రిగమ్ యంగ్ అనే నాయకుడు ఎక్కువ మందిని వెంటబెట్టుకుని 1847లో ఇప్పటి యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ లోయకు చేరాడు. ముఖ్య కార్యాలయం ఇప్పటికీ అక్కడే ఉంది. మన దేశంలో వాళ్ల మొదటి స్టేకు (కొన్ని స్థానిక సంఘాల కూటమి) 2012లో హైదరాబాద్‌లో ఏర్పడింది, బెంగళూరులో టెంపుల్ (ఆదివారం చర్చి కాదు, ప్రత్యేక నిబంధనలు చేసుకునే మందిరం) కడతామని 2018లో ప్రకటించారు. అంటే ఇది అమెరికాకే పరిమితమైన విషయం కాదు, వాళ్లలో చక్కగా తెలుగు మాట్లాడే మన పిల్లలూ ఉన్నారు.

2018 నుంచి "మోర్మన్" అనే పేరు వాడొద్దు, సంఘం పూర్తి పేరు చెప్పండి అని వాళ్ల నాయకులు గట్టిగా అడుగుతున్నారు. అందరికీ అర్థం కావాలని ఇక్కడ నేను మోర్మన్లు అని రాస్తున్నాను. మీరు ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు మాత్రం వాళ్లు కోరిన పేరే వాడండి.

అన్నా, ఒక్క మాటలో చెప్పు, వాళ్లు క్రైస్తవులా కాదా?

తాము క్రైస్తవులమనే వాళ్లు చెబుతారు, మనస్ఫూర్తిగానే చెబుతారు. వాళ్ల ప్రార్థన యేసు క్రీస్తు నామంలోనే ముగుస్తుంది. కానీ కేథలిక్కులు, సి.ఎస్.ఐ., లూథరన్, బాప్టిస్టు, చాలావరకు పెంతెకొస్తు సంఘాలు (తిరుపతిలో ఒకే వీధిలో ఇవన్నీ ఉంటాయి, సవాలక్ష విషయాల్లో వాదించుకుంటాయి) కలిసి ఒప్పుకునే సంగతి ఒకటుంది: దేవుడు ఒక్కడే, ఆయన తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. మోర్మన్లు ఈ త్రిత్వాన్ని ఒప్పుకోరు. అందుకే వాళ్ల విశ్వాసాన్ని చారిత్రక క్రైస్తవ విశ్వాసంగా మన సంఘాలు గుర్తించవు.

ఒక్క మాట అడిగారు కాబట్టి ఇంతవరకే చెప్పాను. "నువ్వు క్రైస్తవుడివి కాదు" అని మొహం మీద అంటే మాత్రం సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. అలా అనకుండా "దేవుడు అంటే మీ ఉద్దేశంలో ఎవరు?" అని అడగండి.

దేవుడి విషయంలో అసలు తేడా ఏంటి? వాళ్లు కూడా తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే అంటారు కదా?

అంటారు. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మన విశ్వాసంలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు వ్యక్తులు, కానీ ఒకే దేవుడు, ఒకే దైవత్వం. మోర్మన్ బోధలో వాళ్లు ముగ్గురు వేరువేరు వ్యక్తులు, వేరువేరు అస్తిత్వాలు. సంకల్పంలో, ప్రేమలో, పనిలో మాత్రం సంపూర్ణంగా ఒక్కటి. తండ్రికి మనిషికి ఉన్నట్టే తాకగలిగే మాంసం, ఎముకలు గల మహిమ శరీరం ఉందనీ, కుమారుడికీ అంతేననీ, పరిశుద్ధాత్మ మాత్రం ఆత్మరూపి అనీ వాళ్ల "సిద్ధాంతము మరియు నిబంధనలు" అనే గ్రంథం 130వ ప్రకరణంలో ఉంది. యోహాను 4:24లో ప్రభువు సమరయ స్త్రీతో దేవుడు ఆత్మ అని చెప్పాడు కదా అని మనం అడుగుతాం. మనిషి కూడా ఆత్మే, అయినా అతనికి శరీరం ఉంది కదా అని వాళ్లు జవాబిస్తారు. ఈ జవాబు ముందే తెలిసి ఉంటే మీరు తడబడరు.

ఇంకా లోతుకు వెళ్తే, మనుషులందరూ ఈ లోకంలో పుట్టకముందే పరలోకపు తండ్రికి ఆత్మసంతానంగా ఉన్నారనీ, మనకు పరలోకపు తల్లి కూడా ఉందనీ నమ్ముతారు. ఆమెకు ప్రార్థన మాత్రం చేయరు. మన దృష్టిలో దేవుడు సృష్టికర్త, మనం సృష్టి, ఆ రెండింటి మధ్య గీత ఎప్పటికీ చెరగదు. వాళ్ల బోధలో దేవుడూ మనమూ ఒకే జాతి, ఆయన ఎంతో ముందున్నాడు, మనం వెనక ఉన్నాం. మిగతా తేడాలన్నీ దాదాపు ఇక్కడి నుంచే పుట్టాయి.

మరి యేసు ప్రభువు? లూసిఫర్ ఆయన తమ్ముడని అంటారంట, నిజమేనా?

ఈ మాటను మనవాళ్లు షాక్ ఇవ్వడానికి వాడతారు, అలా వాడకండి. వాళ్ల బోధ ప్రకారం ఆత్మలందరికీ తండ్రి ఒకరే. ఆ ఆత్మసంతానంలో యేసు జ్యేష్ఠుడు, లూసిఫర్ తిరుగుబాటు చేసి పడిపోయినవాడు. ఆ లెక్కన చుట్టరికం ఉంది, నిజమే. కానీ ఇద్దరినీ సమానం చేయరు. యేసును రక్షకుడిగా, పాత నిబంధనలో కనిపించే యెహోవాగా ఘనపరుస్తారు.

మన అభ్యంతరం వేరే చోట ఉంది. "ఆదియందు వాక్యముండెను, వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను" అని యోహాను సువార్త మొదలవుతుంది. అదే అధ్యాయం మూడో వచనం, కలిగినదంతా ఆయన మూలంగానే కలిగిందని చెబుతుంది. కొలొస్సయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం పరలోకంలో ఉన్న అదృశ్యమైనవి కూడా ఆయన వల్లే సృజించబడ్డాయని చెబుతుంది. అంటే దేవదూతలను, లూసిఫర్‌తో సహా, సృజించినవాడు యేసే. సృజించినవాడికీ సృజించబడినవాడికీ అన్నదమ్ముల వరస కుదరదు.

మనుషులు దేవుళ్లవుతారని బోధిస్తారా?

బోధిస్తారు, కానీ మనం ఊహించుకునే రీతిలో కాదు. జోసెఫ్ స్మిత్ 1844 ఏప్రిల్‌లో ఒక అంత్యక్రియల సందర్భంలో చేసిన ప్రసంగంలో, దేవుడు కూడా ఒకప్పుడు మనలాంటి మనిషేనని చెప్పాడు. తర్వాత వాళ్ల ఐదో అధ్యక్షుడైన లొరెంజో స్నో కూడా ఇదే ఆలోచనను, ఆ ప్రసంగానికి ముందే 1840లో, మనిషి ఇప్పుడున్నట్టు దేవుడు ఒకప్పుడు ఉన్నాడు, దేవుడు ఇప్పుడున్నట్టు మనిషి కాగలడు అనే అర్థంలో రెండు పాదాలుగా చెప్పాడు. మొదటి సగం గురించి ఈ రోజుల్లో వాళ్ల సంఘాల్లో పెద్దగా మాట్లాడరు. రెండో సగాన్ని మాత్రం ఉన్నతస్థితి అనే పేరుతో గట్టిగా నమ్ముతారు. నమ్మకంగా ఉన్న కుటుంబాలు దేవుని దగ్గర, దేవునిలా, నిత్యం ఎదుగుతూ ఉంటాయని అర్థం.

"మీకు ఒక్కొక్కరికి ఒక గ్రహం ఇస్తారంట కదా" అని వెక్కిరించేవాళ్లు ఉన్నారు. దయచేసి అది వదిలేయండి. దానికి బదులు యెషయా 43:10 తెరిచి చదవండి. తనకు ముందు ఏ దేవుడూ లేడు, తన తర్వాత ఏ దేవుడూ ఉండడు అని యెహోవా అక్కడ చెబుతున్నాడు. 44, 45 అధ్యాయాల్లో అదే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ మూడు అధ్యాయాలు వరసగా చదివితే మీరు వాదించాల్సిన పని చాలావరకు తగ్గుతుంది.

రక్షణ, కృప, నిత్యజీవం అని వాళ్లూ అంటుంటే మా అమ్మ "ఇంకేం, మనవాళ్లే" అంటోంది. ఏం చెప్పాలి?

అమ్మకు నెమ్మదిగా చెప్పండి, ఆమె తప్పేమీ లేదు. మాటలు అవే కావడంతో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

వాళ్ల భాషలో రక్షణకు రెండు స్థాయులున్నాయి. క్రీస్తు ప్రాయశ్చిత్తం వల్ల మనుషులందరూ పునరుత్థానం పొందుతారు, చావు లేకుండా ఉంటారు. దానికి అమర్త్యత్వం అని పేరు, అది ఉచితం. "నిత్యజీవం" మాత్రం దానికంటే పైది, దేవుని సన్నిధిలో కుటుంబంతో కలిసి ఉండే ఉన్నతస్థితి. అది కావాలంటే విశ్వాసం, మారుమనస్సు, వాళ్ల యాజకత్వం (దేవుని పేరున పని చేసే అధికారం) కింద బాప్తిస్మం, చేతులుంచి ఇచ్చే పరిశుద్ధాత్మ వరం, టెంపుల్‌లో చేసే నిబంధనలు, టెంపుల్ వివాహం, కడదాకా ఆజ్ఞల్లో నిలబడటం, ఇవన్నీ కావాలి. మోర్మన్ గ్రంథంలో 2 నీఫై 25:23 ఏం చెబుతుందంటే, మనం చేయగలిగినదంతా చేసిన తర్వాత కృప చేత రక్షింపబడతాం.

ఇప్పుడు ఎఫెసీయులకు రాసిన పత్రిక చూడండి: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." పౌలు చెప్పే కృప, మన శక్తి అయిపోయిన చోట అందుకునే సాయం కాదు. ఆ రెండో అధ్యాయం మొదటి వచనం నుంచే చూడండి, మనం అపరాధాల్లో చచ్చి పడి ఉన్నప్పుడే దేవుడు చేసిన పని అది. మంచి పనులు దాని వెనక వస్తాయి, పదో వచనం చెప్పేది అదే. ఈ మధ్య కాలంలో కృప గురించి చాలా లోతుగా, కన్నీళ్లతో మాట్లాడే మోర్మన్ బోధకులు కూడా ఉన్నారు, ఆ సంగతీ చెప్పాలి. కానీ టెంపుల్ నిబంధనలు లేకుండా ఉన్నతస్థితి లేదన్న షరతు అలాగే ఉంది. నెల జీతంలో పదో వంతు ఇవ్వని సభ్యుడికి టెంపుల్‌లోకి వెళ్లే అనుమతి పత్రం దొరకదు. సిలువ మీద ప్రభువు "సమాప్తమైనది" అన్నాడని నమ్మే నాకు, ఆ పత్రం కోసం ఎదురుచూసే మనిషి మీద జాలి, ప్రేమ కలుగుతాయి తప్ప కోపం రాదు.

పరలోకంలో మూడు రాజ్యాలు అంటే?

సిలెస్టియల్, టెరెస్ట్రియల్, టిలెస్టియల్ అని మూడు మహిమ స్థాయులు. పైనున్నది సిలెస్టియల్. దుర్మార్గులు కూడా శిక్ష అనుభవించాక కింది రాజ్యానికి చేరతారు. ఏ మహిమా లేని వెలి చీకటిలో మిగిలేది చాలా తక్కువ మంది. 1 కొరింథీ 15:40ని ఆధారంగా చూపిస్తారు. అక్కడ పౌలు మాట్లాడుతున్నది పునరుత్థాన శరీరం ఇప్పటి శరీరం లాంటిది కాదని. మూడు రాజ్యాల లెక్క అక్కడ లేదు.

మోర్మన్ గ్రంథంలో ఏముంది?

క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో లీహై అనే ప్రవక్త కుటుంబంతో యెరూషలేము వదిలి సముద్రం దాటి అమెరికా ఖండానికి చేరాడనీ, అతని సంతతి నీఫైయులు, లేమనీయులు అనే రెండు జనాంగాలుగా విడిపోయి యుద్ధాలు చేసుకుందనీ, పునరుత్థానం తర్వాత యేసు వాళ్ల దగ్గరికి వచ్చి బోధించాడనీ ఆ కథ. చివరి ప్రవక్త మొరోనై ఆ చరిత్ర ఉన్న బంగారు రేకులను కొండలో దాచాడనీ, అతనే దేవదూతగా 1823లో జోసెఫ్ స్మిత్‌కు కనిపించాడనీ చెబుతారు. రేకుల్లోది అనువదించానని స్మిత్ 1830లో పుస్తకం అచ్చు వేయించాడు. పని పూర్తయ్యాక దేవదూత రేకులను తిరిగి తీసుకెళ్లాడంటారు.

బైబిల్లోని యెరూషలేము, ఎఫెసు, కొరింథు ఇప్పటికీ వెళ్లి చూడగలిగిన ఊళ్లు. నీఫైయుల ఒక్క నగరాన్ని కూడా, ఒక్క శాసనాన్ని కూడా మోర్మన్లు కాని పురావస్తు పండితులు గుర్తించలేదు. శాసనం ఎంత గట్టి సాక్ష్యమో రాయలసీమలో పుట్టిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకొక సంగతి దీనికంటే బరువైనది. వాళ్ల మరో లేఖనం "అమూల్యమైన ముత్యము"లో అబ్రాహాము గ్రంథం అని ఒకటుంది. ఈజిప్టు పపైరస్ చుట్టల నుంచి అనువదించానని స్మిత్ చెప్పాడు. ఆ చుట్టల ముక్కలు కొన్ని 1967లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం నుంచి బయటికొచ్చాయి. చదివిన ఈజిప్టు భాషా పండితులు అవి మృతులతో పాటు పెట్టే అంత్యక్రియల రాతలని తేల్చారు, అబ్రాహాము ఊసే లేదు. ఆ ముక్కల మీది అక్షరాలు గ్రంథంతో సరిపోవని సంఘం కూడా తన వ్యాసంలో ఒప్పుకుంది. పోయిన భాగంలో ఉండి ఉండొచ్చనీ, పపైరస్ కేవలం ప్రేరణ ఇచ్చి ఉండొచ్చనీ వివరణలు ఇస్తుంది.

ఆ పుస్తకం కొంత చదివాను, బైబిల్ లాగానే ఉంది, తప్పేం కనబడలేదు. మీరు ఎక్కువ చేస్తున్నారేమో?

మీరు చూసింది నిజమే. త్రిత్వానికి దగ్గరగా ఉండే వాక్యాలు కూడా అందులో ఉన్నాయి. ఆల్మా 11:44 తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే నిత్య దేవుడని అంటుంది. మూడు రాజ్యాలు, నిత్య వివాహం, మృతుల కోసం బాప్తిస్మం, దేవునికి మాంసపు శరీరం, ఇవేవీ ఆ పుస్తకంలో కనబడవు. అవన్నీ 1832 నుంచి 1844 మధ్య వచ్చిన ప్రకటనల్లో, ప్రసంగాల్లో ఉన్నాయి. చేతికిచ్చే పుస్తకం చదివి సంఘం బోధ మొత్తం తెలిసిపోయిందనుకోకండి. ఎవరైనా ఇస్తే సిద్ధాంతము మరియు నిబంధనలు కూడా అడిగి తీసుకుని 76, 130, 132 ప్రకరణాలు చదవండి.

బైబిల్‌ను నమ్మరా?

నమ్ముతారు, "సరిగ్గా అనువదించబడినంతవరకు" అనే షరతుతో. పైగా పై మూడు గ్రంథాలూ, జీవించి ఉన్న ప్రవక్త మాటా ఉంటాయి. ప్రవక్త మాటతో పద్ధతులు మారతాయి: 1890లో బహుభార్యాత్వం ఆపారు, 1978లో నల్లజాతి పురుషులకు యాజకత్వం ఇచ్చారు.

అపొస్తలుల తర్వాత సంఘం భ్రష్టమైపోయిందంటారు. మన సంఘాల తప్పులు చూస్తే నిజమేనేమో అనిపిస్తుంది.

మన సంఘాల తప్పులు నేనూ చూస్తున్నాను, కుల పట్టింపులు, పదవుల కోసం కోర్టు కేసులు, అన్నీ. కానీ వాళ్లు చెప్పేది అంతకంటే పెద్దది. దేవుని అధికారమే భూమి మీద లేకుండా పోయిందనీ, 1820లో పద్నాలుగేళ్ల స్మిత్‌కు తండ్రీ కుమారుడూ కనిపించి ఏ సంఘంలోనూ చేరవద్దని చెప్పారనీ, తర్వాత అహరోను, మెల్కీసెదకు యాజకత్వాలు అతని ద్వారా పునఃస్థాపించబడ్డాయనీ చెబుతారు.

పాతాళలోక ద్వారాలు తన సంఘాన్ని గెలవలేవని ప్రభువు మత్తయి 16:18లో మాటిచ్చాడు. సంఘానికి జబ్బు చేస్తుంది, చాలాసార్లు చేసింది, దేవుడు బాగు చేశాడు. పదిహేడు వందల ఏళ్లు చచ్చి పడి ఉంటే ఆ మాట పోయినట్టే. మెల్కీసెదకు క్రమం విషయానికొస్తే హెబ్రీ పత్రిక ఏడో అధ్యాయం మొత్తం చదవండి, ఆ యాజకత్వం నిరంతరం ఉండే ఒక్క యేసుదే. ఇంకొకరికి అందించే పని లేదు.

"ప్రార్థన చేసి చూడు, గుండెలో వెచ్చగా అనిపిస్తే నిజమని అర్థం" అన్నారు. మా అబ్బాయికి అలాగే అనిపించిందట.

అనిపించి ఉంటుంది, వాడు అబద్ధం చెప్పడం లేదు. ఊరు వదిలి పీజీలో ఒంటరిగా ఉన్న కుర్రాడి పక్కన కూర్చుని ఇద్దరు ప్రేమగా ప్రార్థిస్తే ఎవరి గుండైనా కదులుతుంది. యాకోబు 1:5ని, మొరోనై 10:4ని చూపించి అలా అడగమంటారు. యాకోబు అక్కడ శోధనల్లో ఉన్నవాళ్లకు జ్ఞానం అడగమంటున్నాడు. ఒక గ్రంథం దేవునిదో కాదో తేల్చే పద్ధతి అది కాదు. బెరయవారు పౌలు చెప్పింది విని లేఖనాలు పరిశోధించారు. ఆత్మలను పరీక్షించమని యోహాను రాశాడు. అబ్బాయి అనుభవాన్ని కొట్టిపారేయకండి, దాన్ని లేఖనం పక్కన పెట్టి చూడమని అడగండి.

టెంపుల్ అంటే వాళ్ల చర్చేనా?

కాదు. తిరుపతిలో ఆ మాట అనగానే కొండే గుర్తొస్తుంది కాబట్టి విడమరిచి చెబుతాను. ఆదివారం ఆరాధన మామూలు ప్రార్థన మందిరంలో జరుగుతుంది, ఎవరైనా వెళ్లచ్చు, రొట్టె, నీళ్లతో సంస్కారం తీసుకుంటారు. టెంపుల్ వేరు. ప్రతిష్ఠ అయ్యాక అర్హత పత్రం ఉన్న సభ్యులే లోపలికి వెళ్తారు. అక్కడ నిబంధనలు చేసుకుంటారు, భార్యాభర్తలను, పిల్లలను నిత్యత్వానికి ముద్రిస్తారు (చావు తర్వాత కూడా ఒకే కుటుంబంగా ఉండేలా కలుపుతారు), చనిపోయిన పూర్వీకుల తరఫున బాప్తిస్మం తీసుకుంటారు. వంశవృక్షాల మీద వాళ్లకున్న శ్రద్ధకు కారణం ఇదే.

పోయిన నాన్నను, తాతను మళ్లీ కుటుంబంగా కలుసుకోవాలన్న కోరిక ఎంత బలమైనదో నాకు తెలుసు, అందుకే దీన్ని తేలిగ్గా మాట్లాడను. కానీ పునరుత్థానంలో పెళ్లి చేసుకోరు, పెళ్లికియ్యరు అని ప్రభువే మత్తయి 22:30లో చెప్పాడు. మృతుల కోసం బాప్తిస్మం అనే మాట 1 కొరింథీ 15:29లో ఒక్కసారి వస్తుంది, అక్కడ పౌలు అలా చేయమని ఆజ్ఞ ఇవ్వలేదు. మన నిరీక్షణ ప్రభువుతో ఉండటం మీద ఉంది, అందులో మనవాళ్లూ ఉంటారు.

ఇప్పటికీ నలుగురైదుగురిని పెళ్లి చేసుకుంటారా?

లేదు. ఇప్పుడు అలా చేస్తే సంఘం నుంచి తీసేస్తారు. అమెరికాలో విడిపోయిన చిన్న గుంపులు కొన్ని చేస్తున్నాయి, వాటితో ఈ సంఘానికి సంబంధం లేదు.

ఎల్డర్, వార్డు, స్టేకు, బిషప్ అంటుంటారు, ఏంటివి?

ఎల్డర్ అంటే పెద్దాయన కాదు, పద్దెనిమిది నిండిన మిషనరీ కుర్రాడిని కూడా అలాగే పిలుస్తారు. అమ్మాయిలను సిస్టర్ అంటారు. వార్డు స్థానిక సంఘం, చిన్నదైతే బ్రాంచి, కొన్ని వార్డులు కలిస్తే స్టేకు. వార్డును నడిపే బిషప్ జీతం లేకుండా పనిచేసే సభ్యుడు, మన సి.ఎస్.ఐ. బిషప్‌గారిలా డయాసిస్ అధిపతి కాదు.

ఇంటికొస్తే కాఫీ ఇవ్వచ్చా?

కాఫీ, టీ తాగరు, మందు, పొగాకు ముట్టరు, 1833 నాటి ఆజ్ఞ అది. మజ్జిగో నన్నారి షర్బత్తో ఇవ్వండి, అన్నం పెట్టండి.

అక్కడ బాప్తిస్మం తీసుకున్నవాళ్లు తిరిగొస్తే మళ్లీ తీసుకోవాలా?

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలోనే ఇస్తారు, కానీ ఆ నామాల వెనక ఉన్న నమ్మకం వేరు. కేథలిక్ సంఘం 2001లో అది చెల్లదని తేల్చింది. ఎక్కువ ప్రొటెస్టెంట్ సంఘాలదీ అదే నిర్ణయం. మీ అయ్యగారితో మాట్లాడండి.

మా అమ్మాయి చేరతానంటోంది. ఇంట్లోంచి పంపేస్తానని వాళ్ల నాన్న అంటున్నాడు. ఏం చేయాలి?

పంపకండి. అరిచి, ఫోన్ లాక్కుని, చదువు మాన్పిస్తే ఆ ఇద్దరు మిషనరీలే ఆమెకు మిగిలిన కుటుంబం అవుతారు. ఆమెకు అక్కడ ఏం దొరికిందో ముందు వినండి. స్నేహమా, క్రమశిక్షణ ఉన్న జీవితమా, ఎవరైనా పేరు పెట్టి పిలిచి పలకరించడమా? మన యూత్ ఫెలోషిప్‌లో అది దొరక్కపోతే ఆ లోటు తీర్చాల్సింది మనమే. బాప్తిస్మం తేదీ తొందరగా పెట్టేస్తారు కాబట్టి కొన్ని నెలలు ఆగమని మాత్రం అడగండి, నిజమైనది నిదానంగా చూసినా నిజంగానే ఉంటుంది.

ఈలోగా మిషనరీలను ఇంటికే పిలవండి. వాళ్లు పాఠం చెప్పాక మీరు కూడా కొంత చదువుతామని అడగండి, ఒప్పుకుంటారు. ఒక వారం యోహాను మొదటి అధ్యాయం, తర్వాత యెషయా 43 నుంచి 45, ఆ తర్వాత గలతీ పత్రిక మొత్తం, హెబ్రీ ఏడు నుంచి పది అధ్యాయాలు. గట్టిగా చదవండి, మధ్యలో వాదన పెట్టుకోకుండా, ఒక్కో భాగం అయ్యాక "ఇక్కడ దేవుడు తన గురించి ఏం చెబుతున్నాడు?" అని అందరినీ, అమ్మాయిని కూడా, అడగండి. వెళ్లేటప్పుడు ఆ ఇద్దరి పేర్లు, వాళ్ల అమ్మానాన్నలు ఎక్కడుంటారో తెలుసుకుని రాత్రి కుటుంబ ప్రార్థనలో వాళ్ల పేర్లు కూడా చెప్పండి.